ఏడు సరస్సులకు డబ్బు కట్టి ఒకటి చూసొచ్చినవాడి ఉత్తరం

సంపాదకుల గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో కాశ్మీర్ గ్రేట్ లేక్స్ ట్రెక్ గురించి రెండు పేజీలు వేశారు. ఫొటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి, అబద్ధమెందుకు. మాది కడప జిల్లా పోరుమామిళ్ల, నాకు చిన్న మందుల షాపు ఉంది. ఆ పేపరు రోజంతా కౌంటర్ మీదే పడి ఉంది, బీపీ మాత్రలకి వచ్చిన పెద్దాయన దగ్గర్నుంచి అందరూ దాన్ని తిప్పిచూసినవాళ్లే. ఇద్దరు కుర్రాళ్లైతే ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు. వాళ్లలో ఒకడు, "అన్నా, నువ్వు ఈడికే గదా పోయొచ్చింది, మాలాంటోళ్లు పోవచ్చునా?" అని అడిగాడు. పోవచ్చు అనే చెప్పాను. కానీ మీ వ్యాసం చెప్పినట్టు కాదు అని కూడా చెప్పాను, అదేంటో కౌంటర్ దగ్గర నిలబెట్టి చెబితే తెగదు కాబట్టి మీకు రాస్తున్నా.

మీ వ్యాసంలో "సాధారణ ఆరోగ్యం ఉన్న ఎవరైనా హాయిగా వెళ్లి రావచ్చు" అనే వాక్యం ఒకటుంది. సరస్సుల రంగులు ఉన్నాయి, పూల పేర్లు ఉన్నాయి, ప్యాకేజీ ధర ఉంది. ఎత్తు ఎంత అనేది మాత్రం రెండు పేజీల్లో ఒక్కసారి కూడా లేదు. మా ఊరు సముద్రమట్టానికి వెయ్యి అడుగులు కూడా ఉండదు. ఆ దారిలో దాటాల్సిన నిచ్‌నై కనుమ 13 వేల అడుగుల పైన ఉంటుంది, దాని తరవాత వచ్చే గడ్‌సర్ కనుమ ఇంకా ఎక్కువ, పద్నాలుగు వేలకి కొంచెం తక్కువ. గాలిలో ఆక్సిజన్ శాతం ఎక్కడైనా 21 దరిదాపుల్లోనే ఉంటుంది, మారేది గాలి చిక్కదనం. అంత పైన ఒక్కో ఊపిరికి మనకి దక్కేది ఇక్కడ దక్కేదాంట్లో అరవై శాతం చుట్టుపక్కల. ఇంట్లో ఐదు రొట్టెలు తినేవాడికి మూడు పెట్టి బరువు మొయ్యమన్నట్టు.

ఇది నాకు తెలియక కాదు సార్. మందులమ్మేవాణ్ని, తెలుసు. తెలిసీ ఏం చేశానో చెబుతా.

2024 ఆగస్టులో నేనూ మా బావమరిదీ వెళ్లాం. నాకు 46, వాడు నాకంటే ఎనిమిదేళ్లు చిన్న, కడపలో లెక్చరర్. నిజానికి వాడి సరదా అది, నేను వెనక తగులుకున్నా. ఆ జూన్‌లోనే ఉత్తరాఖండ్‌లో సహస్రతాల్ సరస్సుల దారిలో ఎక్కువమంది కర్ణాటకవాళ్లే ఉన్న 22 మంది బృందం మంచుగాలిలో చిక్కుకుని తొమ్మిది మంది చనిపోయారు, మిగతావాళ్లలో చాలామందిని హెలికాప్టర్లు పెట్టి దించాల్సి వచ్చింది. ఆ వార్త మా అమ్మ చూసింది. "యాడికిరా ఆ కొండలెక్కేది, అంతగా పోవాలనుంటే బ్రహ్మంగారి మఠం పోయిరా, రూపాయి ఖర్చు లేదు" అంది. అది ఉత్తరాఖండ్, ఇది కాశ్మీర్ అని సర్దిచెప్పా. ఏం సర్దిచెప్పడమో.

బుక్ చేసింది ఒక పెద్ద ఊళ్లోని ఏజెన్సీ ద్వారా, పేరు అనవసరం. మనిషికి 17 వేలు, శ్రీనగర్ దాకా మన ఖర్చు మనదే. ఫోన్లో మాట్లాడినమ్మాయి "చిన్నపిల్లలు కూడా చేస్తున్నారు సార్" అంది. ఆరోగ్యం ఫారం ఒకటి పంపారు, డాక్టర్ సంతకం కావాలన్నారు. తెలిసిన డాక్టరే, షాపులో టీ తాగుతూ సంతకం పెట్టాడు, స్టెతస్కోపు మెడలోంచి దిగనే లేదు. ఈ ముక్క రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ సీమలో, ఆ మాటకొస్తే ఎక్కడైనా, ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు ఎలా పుడతాయో మీకూ తెలుసు నాకూ తెలుసు.

అసలు తప్పు ప్రయాణం ప్లానులోనే ఉంది. పొద్దున హైదరాబాద్‌లో విమానం ఎక్కి ఢిల్లీ మీదుగా మధ్యాహ్నానికి శ్రీనగర్, అక్కణ్నుంచి బండిలో సుమారు 80 కిలోమీటర్లు సోనామార్గ్ వైపు, ఆ రాత్రి పడుకోవడం ఎనిమిది తొమ్మిది వేల అడుగుల్లో. మర్నాడు నడిచి నిచ్‌నై క్యాంపు, పదకొండున్నర వేలు. ఆ మర్నాడు కనుమ దాటి విషన్‌సర్ సరస్సు. పది వేల అడుగులు దాటాక రోజుకి పదహారు వందల అడుగులకి మించి పడుకునే ఎత్తు పెంచొద్దని, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలని కొండల వైద్యం తెలిసినవాళ్లు చెప్పే లెక్క. పగలు ఎంత ఎత్తు ఎక్కామన్నది కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నామన్నది ముఖ్యం. మా ప్యాకేజీలో ఆగే రోజు అనేది లేదు. ఒక రోజు కోస్తే టెంటు, తిండి, గుర్రాలు అన్నిట్లోనూ ఒక రోజు ఖర్చు తగ్గుతుంది, ధర తక్కువ కనిపిస్తుంది, నాలాంటోడు అదే పట్టుకుంటాడు.

మొదటి రోజు నడక మాత్రం స్వర్గమే, దాన్ని కాదనను. భోజపత్రం చెట్లు, బెరడు తెల్లగా కాగితంలా ఊడొస్తూ ఉంటుంది, కింద వాగు మోత. పైనుంచి మేకల మందలు దిగుతుంటే పక్కకి ఒదిగి దారివ్వాలి. వాళ్లు బకర్వాలీలు, చలికాలం జమ్మూ వైపు పల్లానికి దిగి ఎండలు మొదలవగానే ఈ పచ్చికలకి ఎక్కుతారు. మన దగ్గర ఎండాకాలం గొర్రెల్ని తోలుకుని నల్లమల వైపు వలసపోయే కాపరులు గుర్తొచ్చారు, భుజాన గొంగడి వేసే తీరు కూడా ఇంచుమించు అదే. ఒక ముసలాయన గుర్రం మీద కోళ్లగంప కట్టుకుని పోతున్నాడు. గంపలో కోడిపుంజు ఒకటి, ఆ ఎత్తులో, దిగులు లేకుండా కూస్తోంది.

ఆ సాయంత్రం నిచ్‌నై క్యాంపులో నాకు తలనొప్పి మొదలైంది. కణతల దగ్గర కాదు, తల చుట్టూ తాడేసి బిగించినట్టు. అన్నం చూస్తే వెగటు. గైడు రాత్రి ఎనిమిదింటికి అందరి వేళ్లకీ రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ పెట్టి నోట్‌బుక్కులో రాసుకుంటున్నాడు, తలనొప్పి ఉందా, వాంతి వచ్చేలా ఉందా, నిద్ర పట్టిందా అని ఒక్కొక్కర్నీ అడుగుతున్నాడు. నా వంతు వచ్చేలోపే పారాసిటమాల్ వేసుకున్నా. వేలిని జేబులో పెట్టి రుద్ది వేడి చేసుకుని ఇచ్చా. ఏమీ లేదు భాయ్, ఫస్ట్‌క్లాస్ అన్నా. ఆ అబద్ధం చెప్పించింది పెట్టిన 17 వేలు, విమానం టికెట్లు, ఊళ్లో "హిమాలయాలకి పోతున్నా" అని నలుగురికి చెప్పుకున్న మాట. నా బ్యాగులో మందుల డబ్బా ఉందన్న ధీమా ఒకటి. రోజూ కౌంటర్ ఇవతల నిలబడి "తలనొప్పిని దాచిపెట్టి మాత్రలు మింగొద్దు, డాక్టర్‌కి చూపించుకో పెద్దాయనా" అని జనాలకి చెప్పే నోరే ఇది.

మర్నాడు కనుమ ఎలా ఎక్కానో నాకే తెలియదు. పది అడుగులు వేసి ఆగడం, మళ్లీ పది. యాభై తొమ్మిదేళ్ల ఒక పుణె ఆవిడ నన్ను దాటిపోయింది, వయసుకీ దీనికీ సంబంధం లేదని అప్పుడు అర్థమైంది. జిమ్ములో బరువులెత్తే కుర్రాడు కూడా మాలో ఒకడున్నాడు, వాడికీ నొప్పే. ఒంట్లో బలం ఉన్నవాళ్లకి ఎత్తు జబ్బు రాదనేది ఉత్త మాట, వాళ్లు ఇంకా తొందరగా ఎక్కేస్తారు కాబట్టి ఒక్కోసారి ముందు పడిపోయేది వాళ్లే.

మధ్యాహ్నానికి విషన్‌సర్ కనిపించింది. సార్, మాది చెరువు ఊరు. మా చెరువుని 1369లో కట్టించారు, మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుంచి ఏలే రోజుల్లో. ఆ శాసనం సంస్కృతంలో ఉంటుంది, మంచి చెరువుకి ఉండాల్సిన లక్షణాలు పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని విడమరిచి చెబుతుంది. రోజుకి వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టిందట. చిన్నప్పట్నుంచీ కట్ట మీద తిరిగినవాణ్ని కాబట్టి నీళ్లు కనిపించగానే నా కళ్లు ముందు కట్ట కోసం, తూము కోసం వెతుకుతాయి. విషన్‌సర్‌కి మనిషి కట్టిన కట్ట లేదు. వేల ఏళ్ల కింద మంచు పలక జారుతూ కొండని గిన్నెలా తొలిచి, తను తోసుకొచ్చిన రాళ్లని వాకిట్లో వదిలేసి కరిగిపోయింది, అదే కట్ట. చివరన ఒక చోట నీళ్లు పొంగి వాగై కిందికి పోతున్నాయి, అదే అలుగు. ఆ నీళ్లే కిషన్‌గంగలో కలిసి, నియంత్రణ రేఖ దాటి, అవతల నీలం నది అనే పేరుతో పారి ముజఫరాబాద్ దగ్గర జీలంలో పడతాయి. మా శాసనంలో చెప్పిన ఆరు దోషాల్లో ఒకటి ఏంటో తెలుసా, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. నొప్పి మధ్యలోనే ఇది గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ దారిలో తరవాత గడ్‌సర్ దగ్గర, సత్‌సర్ దగ్గర సైన్యం వాళ్లు ఆధార్ కార్డు చూసి గానీ వదలరని బావమరిది చెప్పాడు. నేను అక్కడిదాకా పోలేదు కాబట్టి నా ఆధార్ ఎవరూ చూడలేదు.

నీళ్ల రంగు గురించి మీ వ్యాసం చెప్పిందంతా నిజమే. ఒడ్డున కూర్చున్నా. పదిహేను నిమిషాలు చూసుంటా. అంతే, తరవాత వాంతి.

రాత్రికి ఆక్సీమీటర్ 72 చూపించింది. ఆ ఎత్తులో ఎనభై పైన ఉంటే కంగారు పడరు, అక్కడి లెక్క మన ఊరి లెక్క కాదు. కానీ ఆక్సీమీటర్ కంటే ముందు గైడు చేసిన పని ఇంకోటుంది. కర్రతో మట్టిలో ఒక గీత గీశాడు, ఒక మడమకి ఇంకో పాదం వేళ్లు ఆనిస్తూ దాని మీద నడవమన్నాడు, టార్చిలైటు నా కాళ్ల మీద వేసి. మా సందులో రాత్రిపూట పోలీసోళ్లు తాగినోణ్ని నడిపించినట్టే ఉంది. నాలుగో అడుగుకి కొంచెం పక్కకి ఒరిగా, మళ్లీ సర్దుకున్నా. అది మెదడులో నీరు చేరుతోందా అని చూసే పరీక్ష, అడుగు తప్పితే గంటలు లెక్కపెట్టుకోవాల్సిందే. ఛాతీ మీద చెవి ఆనించి విన్నాడు, దగ్గమన్నాడు, ఉమ్మమన్నాడు, ఉమ్ములో నురగ ఉందేమోనని టార్చి వేసి చూశాడు. అది ఊపిరితిత్తుల్లో నీరు కోసం. కంగన్ దగ్గరి ఊరి కుర్రాడు, ముప్పై ఏళ్లు కూడా ఉండవు, మా ఊరి డాక్టర్ టీ తాగుతూ చెయ్యని పనంతా ఆ చలిలో మోకాళ్ల మీద కూర్చుని చేశాడు.

రాత్రంతా ఆక్సిజన్ పెట్టాడు. పొద్దున రీడింగు 83కి వచ్చింది, నడక గీత మీద నిలిచింది, తలనొప్పి సగమైంది. నేను లేచి బూట్లు వేసుకుంటున్నా, గడ్‌సర్ వైపు బయల్దేరదామని. వాడు నా బ్యాగు తీసి గుర్రం మీద వేశాడు, సోనామార్గ్ పోయే గుర్రం మీద. నేను బతిమాలా. బావమరిది కూడా "ఇంకొక్క రోజు చూద్దాం, బావ ఇప్పుడు బాగానే ఉన్నాడు" అన్నాడు. గైడు ఒకటే మాట, నహీ. ముందు కనుమ ఇంకా ఎత్తు, అక్కడ తేడా వస్తే ఎటు పోయినా ఒక కనుమ ఎక్కాల్సిందే అన్నాడు. అప్పటిదాకా నా బుర్రకి తట్టని సంగతి అది. ఎత్తు జబ్బుకి అసలు మందు దిగిపోవడమే, మాత్రలూ ఆక్సిజనూ అన్నీ దిగేదాకా మనిషిని నిలబెట్టడానికే. కానీ ఈ దారిలో నిచ్‌నై కనుమ ఒకసారి దాటాక దిగాలంటే ముందు ఎక్కాలి. "నిచ్‌నై క్యాంపులోనే చెప్పుంటే కనుమ జోలికే పోకుండా నేరుగా కిందికి నడిపించేవాణ్ని, సర్‌జీ" అన్నాడు, కోపంగా కూడా కాదు. నా పారాసిటమాల్ సంగతి అప్పుడు ఒప్పుకున్నా. వాడు నోట్‌బుక్కు తీసి ఏదో రాసుకున్నాడు, ఏం రాశాడో అడగడానికి మొహం చెల్లలేదు.

ఒక సహాయకుడు, ఒక గుర్రం, గుర్రం మనిషి, నేను. కనుమ మీద చిన్న సిలిండర్ ఇంకోసారి పెట్టారు. అటువైపు దిగుతున్నకొద్దీ తల మీద తాడు ఒక్కో ముడీ వదులైనట్టు తెలుస్తూనే ఉంది. సాయంత్రానికి సోనామార్గ్ చేరి రెండు ప్లేట్లు రాజ్మా అన్నం తిన్నా, వడ్డించేవాడు వింతగా చూశాడు.

బావమరిది మిగతా నాలుగు రోజులూ నడిచి కిషన్‌సర్, యమ్‌సర్, గడ్‌సర్, సత్‌సర్, గంగాబల్, నుంద్‌కోల్ అన్నీ చూసి నారానాగ్‌లో దిగాడు. గంగాబల్ దగ్గర హరముఖ శిఖరం నీళ్లలో పడి కనిపిస్తుందట. కాశ్మీరీ పండిట్లు ఆ సరస్సుకి యాత్ర చేస్తారు, మనకి గంగ ఎంతో వాళ్లకి అది అంత. నారానాగ్‌లో ఎనిమిదో శతాబ్దపు గుడి రాళ్లు ఉన్నాయి. ఇవన్నీ వాడి ఫోన్లో చూశా, ఈర్ష్య పడలేదంటే నమ్మకండి.

ఇక మీ వ్యాసం సంగతి. "మన మాలావత్ పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది, మనమెందుకు పోలేం" అని ఒక చోట రాశారు. 2014లో ఎక్కింది, నిజం. కానీ ఆ పిల్లని భువనగిరి కొండ మీద తాళ్లు పట్టించి, డార్జిలింగ్ తీసుకెళ్లి, లడఖ్ చలిలో ఉంచి, నెలల తరబడి తయారుచేసి పంపారు. ఆ పేరు చెప్పి ఆదివారం పేపర్ చదివినవాణ్ని శుక్రవారం విమానం ఎక్కించకూడదు. వేసేటప్పుడు రెండు ముక్కలు కలపండి, ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటారో, మధ్యలో ఆగే రోజుందో లేదో. డబ్బు కట్టేవాడు ఏజెన్సీని అడగాల్సిన ప్రశ్నలు కూడా వెయ్యండి. ఎంతమందికి ఒక గైడు, ఆక్సిజన్ ఎన్ని సిలిండర్లు, దించాల్సి వస్తే ఏ దారిన దించుతారు, ఆ గుర్రం ఖర్చు ఎవరిది. నా గుర్రానికి, సిలిండర్లకి, సోనామార్గ్‌లో గదికి నేనే కట్టుకున్నా, ప్యాకేజీలో లేవన్నారు, చూడని ఆరు సరస్సుల డబ్బు కూడా వెనక్కి రాలేదు. సీజన్ గురించి కూడా చెప్పండి, జూలై నుంచి సెప్టెంబర్ మొదటి వారాల దాకానే దారి, అంతకుముందు కనుమల మీద మంచు. పైగా 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి జరిగాక కాశ్మీర్‌లో చాలా పర్యాటక ప్రాంతాలు మూసేశారు, తరవాత కొన్ని తెరిచారు. ఏ దారికి అనుమతి ఉందో చూసుకోకుండా టికెట్లు కొనేస్తే అదొక నష్టం. ఒక్కసారి లోపలికి పోయాక ఫోన్ సిగ్నల్ ఉండదు, ఇంట్లోవాళ్లకి వారం రోజులు మాట వినపడదని ముందే చెప్పి వెళ్లాలి. మా అమ్మకి నేను చెప్పలేదు, తిట్లు ఇంకా అయిపోలేదు.

ఏజెన్సీ మీద నాకు కోపం ఉంది, ఆ ఫోన్లో అమ్మాయి మీద కాదు, ఆ ప్లాను గీసిన మనిషి మీద. కానీ అదే ఏజెన్సీ పెట్టిన గైడు నన్ను వెనక్కి పంపాడు, ఇదీ రాయాలి. మనవాళ్లు తిరిగొచ్చి గైడు మంచోడా కాదా అని చెప్పేటప్పుడు వంట బాగుంది, జోకులేశాడు, ఫొటోలు తీశాడు అంటారు. ఎవర్నైనా వెనక్కి పంపాడా అని అడగరు. వెనక్కి పంపితే డబ్బులు తినేశారని గూగుల్‌లో ఒక స్టార్ ఇస్తారు, నేను కూడా సోనామార్గ్‌లో ఆ రాత్రి ఒక స్టార్ ఇవ్వబోయా, అన్నం తిన్నాక బుద్ధొచ్చింది.

మా కుర్రాళ్లకి నేను చెప్పింది ఇంతే. ముందు గండికోట ఎక్కండి, లంకమల అడవి దారుల్లో బరువేసుకుని నడవండి, కాళ్లు గట్టిపడతాయి. దానివల్ల ఎత్తుకి అలవాటు కారు, అది అక్కడే, మెల్లగా, రోజులు పెట్టి కావాల్సిందే. డయామాక్స్ అనే మాత్ర ఉంది, ఒంటిని ఎత్తుకి కాస్త తొందరగా అలవాటు చేస్తుంది, మాటిమాటికీ ఒంటేలుకి లేవాలి, వేళ్లు తిమ్మిర్లెక్కుతాయి, సోడా తాగితే చప్పగా ఉంటుంది. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోకూడదు. ఆ మాత్ర వేసుకున్నాం కదా అని రెండు రోజుల దూరాన్ని ఒక రోజులో ఎక్కితే అది జబ్బుని ఆపలేదు.

మొన్న మంగళవారం ఆ ఇద్దరిలో ఒకడు మళ్లీ షాపుకొచ్చాడు. "అన్నా, పది డయామాక్స్ ఇయ్యి, పారాసిటమాల్ ఒక పెద్ద స్ట్రిప్పు గూడా" అన్నాడు. చీటీ తెమ్మన్నా. ఏ డాక్టర్ దగ్గరికి పోవాలన్నాడు. ఎవరి దగ్గరికి పోవద్దో చెప్పా.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
పోరుమామిళ్ల, కడప జిల్లా